మా బడి ప్రణాళికలో చదువు లక్ష్యాలు: నా అనుభవం

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేసినప్పుడు, పాఠశాల యాజమాన్య కమిటీతో కలిసి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే పని నాకు వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. ప్రణాళిక రాసే బాధ్యతను కూడా 22వ సెక్షన్ వారికే అప్పగించింది. అయితే కేంద్ర నిబంధనల్లో ప్రణాళికకు చెప్పిన అంశాలు తరగతివారీ నమోదు అంచనా, అదనపు ఉపాధ్యాయులు, గదులు, సామగ్రి, వాటికయ్యే నిధులు. అందుకే మా పాత ప్రణాళికల్లో ప్రహరీ, మరుగుదొడ్లు, తాగునీరు వివరంగా ఉండేవి కానీ, చదువు గురించి "విద్యా ప్రమాణాలు పెంచుట" అన్న ఒక్క పంక్తితో సరిపెట్టేవారు. ప్రహరీ లేచిందో లేదో ఊరంతా చూడగలదు. ప్రమాణాలు పెరిగాయో లేదో ఆ పంక్తిని పట్టుకుని ఎవరూ తేల్చలేరు.

2022-23లో, చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పేందుకు తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన తొలిమెట్టు కార్యక్రమం కింద ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలకు బేస్‌లైన్ పరీక్ష, అంటే మొదట్లో ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో తెలుసుకునే పరీక్ష పెట్టాం. ఆ ఫలితాలను శాతాలుగా చెప్పకుండా, ఎవరు అక్షరాల దగ్గర ఉన్నారు, ఎవరు గుణింతాల దగ్గర ఆగారు, ఎవరికి ఒత్తులు పలకడం లేదు, ఎవరు పేరా చదువుతున్నారు అన్నది పిల్లల పేర్లతో సహా కమిటీ ముందు ఉంచాం. మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలన్నది, చిన్న తరగతుల్లో చదవడం, లెక్కల కోసం కేంద్రం నడిపే నిపుణ్ భారత్ కార్యక్రమం పెట్టిన లక్ష్యం. దాన్ని ఏడాది చివరికి పెట్టుకుని, దసరా సెలవుల లోపు గుణింతాల దగ్గర ఉన్నవారంతా ఒత్తుల పదాలకు రావాలని నిర్ణయించుకున్నాం.

సమీక్ష ఎవరు చేయాలన్నది ఇంతకంటే కష్టమైన ప్రశ్న. సభ్యుల్లో కొందరు తల్లులకు చదవడం రాదు. అప్పుడు ఒకామె, "మీరు చదివించుండ్రి సార్, కథల ఏమైందో నేను అడుగుత. చెప్పకుంటే సమజు కానట్టే గదా" అన్నారు. నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి పరీక్ష లేదు. ప్రతి నెలా సమావేశంలో సభ్యులే కొందరు పిల్లల పేర్లు చెప్పేవారు. ఆ పిల్లలు పాఠ్యపుస్తకంలో లేని చిన్న కథ చదివేవారు, తర్వాత ఆ తల్లులు ప్రశ్నలు వేసేవారు. వేగంగా చదివి కథ చెప్పలేకపోయిన బాబును పై మెట్టుకు మార్చడానికి వారు ఒప్పుకోలేదు. వారి పట్టుదలే సరైనదని నేను ఈనాటికీ నమ్ముతాను.

పత్తి ఏరే రోజుల్లో హాజరు పడిపోయింది. గడువు పొడిగిద్దామన్న మాట వచ్చినా కమిటీ ఒప్పుకోలేదు. పొద్దున్నే చేనుకు వెళ్లే ఇళ్ల పిల్లలను బడికి తీసుకొచ్చే పనిని వాడలవారీగా సభ్యులు పంచుకున్నారు, పగలు జరిగే సమావేశాన్ని సాయంత్రానికి మార్చుకున్నారు. తెలుగులో చాలామంది అనుకున్న మెట్టుకు చేరారు. గణితంలో అప్పు తెచ్చుకుని చేసే తీసివేత మాత్రం నాలుగో తరగతిలోనూ చాలామందికి రాలేదు కనుక, మరుసటి ఏడాది ప్రణాళికలో నిధుల పట్టిక కంటే ముందు పేజీలో, ఆ పిల్లల పేర్లతోనే దాన్ని రాయించారు.