సెల్లార్‌లో ఎర్ర లైటు లెక్క

మార్చిలో బిల్లు 225 యూనిట్లకు వచ్చింది. ఏసీ ఇంకా ముట్టుకోనేలేదు. మీటరు స్పీడుగా తిరుగుతోందని నా అనుమానం. ఫిర్యాదు చేస్తానంటే రీడింగు తీసే కుర్రాడు, "సార్, ముందు మీ మెయిన్ ఆపి సెల్లార్‌లో మీటరు మీద మెరిసే ఆ ఎర్ర లైటు చూడండి. అప్పుడు కూడా కొట్టుకుంటే అడగండి" అన్నాడు. ఆపాను. లైటు ఆగింది. అంటే మీటరు ఊరికే తిరగట్లేదు, ఏదో తింటున్నది ఇంట్లోనే.

తెలంగాణలో 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది. వంద దాటి రెండు వందల లోపు ఆగితే మొదటి వందకు యూనిట్ 3.40 రూపాయలు, తర్వాతి వందకు 4.80. రెండు వందలు దాటితే ఆ రెండు వందలకూ 5.10, ఆపైన మూడు వందల దాకా 7.70. ఆ పాతిక యూనిట్లే నన్ను ముంచుతున్నాయి.

ఇంగ్లండ్‌లో మా చెల్లెలింట్లో స్మార్ట్ మీటరు ఉంది. ఇంట్లో ఈ నిమిషాన ఎంత కాలుతోందో వంటగదిలో చిన్న డిస్‌ప్లే చూపిస్తుంది. "అన్నయ్యా, అందరూ పడుకున్నాక ఎంత ఉందో చూడు, దొంగ దొరుకుతాడు" అంది. మాది మామూలు డిజిటల్ మీటరు. కానీ దాని మీద 3200 అని రాసుంది. లైటు అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్. యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు, అంటే 36 లక్షల వాట్-సెకన్లు; 3200తో భాగిస్తే మెరుపుకు 1125. కాబట్టి 1125ని రెండు మెరుపుల మధ్య సెకన్లతో భాగిస్తే వాట్లు వచ్చేస్తాయి.

మొదటి రాత్రి లెక్క పాడైంది. సాయంత్రం గంటసేపు కరెంటు పోయింది, ఇన్వర్టరు బ్యాటరీ ఆబగా చార్జింగు తీసుకుంటోంది. మర్నాడు ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేసి, దోమలు కుడుతుంటే సెల్లార్‌లో నిలబడ్డాను. పది మెరుపులకు 125 సెకన్లు. 90 వాట్లు! లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపేసిన ఇంట్లో. నెలకు దాదాపు 65 యూనిట్లు.

పైనుంచి మా ఆవిడ ఫోన్లో, "ఏవండీ, ఇప్పుడేది తీయమంటారు?" అంటోంది. నేను అనుమానించిన టీవీ, ఫోను చార్జర్లు తీస్తే లైటు లెక్కే చేయలేదు. రెండు సెట్‌టాప్ బాక్సులు ఆపితే 24 వాట్లు తగ్గాయి. రిమోట్‌తో ఆపినా అవి నిద్రపోవన్నమాట. ఇన్వర్టరు ప్లగ్గు పీకగానే మరుసటి మెరుపు కోసం నిమిషం పైనే ఎదురుచూశాను. దాని మీదే నడిచే వైఫై రూటరు వాటా పోను, 40 వాట్లకు పైగా బ్యాటరీయే మింగుతోంది. వెళ్ళి చెయ్యి పెడితే డబ్బా గోరువెచ్చగా ఉంది. ఆరేళ్ళ బ్యాటరీ, ఎంత పోసినా నిండని కుండ. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఏసీల స్టెబిలైజర్లదే. వాటిని ఏసీలు వేసేదాకా ఎంసీబీ (కరెంటు డబ్బాలోని స్విచ్చి) దగ్గరే ఆపేశాం.

బ్యాటరీ మార్చాం. కరెంటు ఆదా కోసమే అయితే ఆ ఖర్చు గిట్టదు. ఎలాగూ అరగంట కూడా ఆగట్లేదు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు పది మెరుపులకు నాలుగున్నర నిమిషాలు దాటుతోంది. తర్వాతి బిల్లు 189 యూనిట్లు. ఎనర్జీ చార్జీలు 1,212 నుంచి 767కి దిగాయి.

హాల్లో సెట్‌టాప్ బాక్సు మాత్రం రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. పొద్దున ఐదింటికి అమ్మ సుప్రభాతం పెట్టుకోవాలి, అది లేచేసరికి మూడు నిమిషాలు పడుతుంది. "దేవుణ్ణి కూడా వెయిట్ చేయిస్తావట్రా?" అంది. ఆ 12 వాట్ల జోలికి మళ్ళీ వెళ్ళలేదు.