నాన్న కాగితం టికెట్టు

పొద్దున రైల్వే కౌంటర్ దగ్గర గంటా పది నిమిషాలు నిలబడిన కోపం సాయంత్రానికల్లా చల్లారాల్సింది. చల్లారలేదు. ఇప్పుడు టైము పదకొండున్నర. గిన్నెలు సర్దేశాను, పాలు తోడేశాను, పడుకుంటే నిద్ర పట్టడం లేదు. రాస్తే కాస్త తేలికపడుతుందేమోనని కూర్చున్నాను.

నాన్న వచ్చే వారం విశాఖ వెళ్తున్నాడు, పెద్దత్త దగ్గరికి. సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌లో. ఫోన్లో టికెట్టు తియ్యడం నాకు రెండు నిమిషాల పని. నిన్న రాత్రి తియ్యబోతుంటే "వద్దమ్మా, కౌంటర్లో తీసుకురా. నాకు కాగితం టికెట్టు కావాలి" అన్నాడు. ఎందుకు నాన్నా అంటే చెప్పడు. ఆయన సంగతి అంతే. ఒకసారి మాట అనేశాక కారణం మనమే వెతుక్కోవాలి.

సరేనని పొద్దున వంట కానిచ్చి, చిన్నదాన్ని బడికి పంపి, గుంటూరు బ్రాడీపేట నుంచి ఆటోలో స్టేషనుకి వెళ్లాను. ఫారం తీసుకుని, పెన్ను కోసం బ్యాగంతా వెతికి, గోడకు ఆనించి నింపాను. రైలు నంబరు 17239, సెకండ్ సిట్టింగ్, వయసు 74. వయసు దగ్గర మాత్రం స్పష్టంగా రాయమని నాన్న రెండుసార్లు చెప్పాడు. అరవై దాటిన మగవాళ్లకు నలభై శాతం తగ్గించేవాళ్లు ఒకప్పుడు. అది 2020 మార్చిలోనే పోయింది. ఆ మాట నాన్నకు చాలాసార్లు చెప్పాను. అయినా ఆ గడి మీద ఆయన ఆశ పోలేదు, నేనూ ఈసారి ఏమీ అనలేదు.

నా ముందు పదకొండు మంది. కదలాల్సిన వరసే, కానీ కదలనివ్వాలి కదా. ఒకాయన పక్క నుంచి వచ్చి "ఒక్క డౌటండీ" అంటూ కిటికీలో తల పెట్టాడు. డౌటు అడిగే మనిషి చేతిలో నింపిన ఫారం ఎందుకుంటుంది? డౌటు అడుగుతూనే ఫారం లోపలికి తోశాడు. వెనకున్న పెద్దావిడ గట్టిగా అంటే "నేను ఇందాకే వచ్చి వెళ్లానమ్మా" అన్నాడు. వరసలో అందరం ఎండన పడి వచ్చినవాళ్లమే. పిల్లాణ్ణి చంకన వేసుకుని నా ముందు నిలబడిన అమ్మాయి చెయ్యి మార్చి చెయ్యి మార్చి అలిసిపోయింది. ఆయన మాత్రం టికెట్టు చేతికి రాగానే వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి మొహం నాకు ఇంకా కళ్లముందే ఉంది. నేను కూడా ఒక మాట అనాల్సింది. అనలేదు. ఆ బాధ కూడా ఈ కోపంలో కలిసి ఉన్నట్టుంది.

ఇంటికొచ్చి సాయంత్రం నాన్నకు ఏకరువు పెట్టాను. ఫోన్లో అయితే నాన్ ఏసీకి యూపీఐతో కడితే పది రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే కదా అదనం. ఆటోకి పోనూ రానూ ఎంతయిందో తెలుసా అన్నాను. ఫోన్లో తీసిన టికెట్టు వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోతే చార్టు, అంటే ప్రయాణికుల ఆఖరి జాబితా, పడగానే దానంతట అదే రద్దయిపోయి డబ్బులు ఖాతాలోకి వచ్చేస్తాయి. కౌంటర్ టికెట్టయితే రైల్వే వాళ్ల 139కి ఫోన్ చేసి రద్దు చేసినా డబ్బు కోసం ఆ కాగితం పట్టుకుని మళ్లీ కౌంటర్‌కే పోవాలి. పారేసుకున్నామా, చార్టు పడకముందే వెళ్లి సెకండ్ క్లాసుకైతే యాభై రూపాయలు కట్టి డూప్లికేట్ తీసుకోవాలి. అన్నీ చెప్పాను. నాన్న ట్యూబులైటు కింద టికెట్టు పెట్టుకుని బోగీ నంబరు, సీటు నంబరు పైకి చదువుకుంటున్నాడు. నా మాట వింటున్నాడో లేదో తెలియలేదు.

ఆయన అలా చదువుతుంటే 1991 వేసవి గుర్తొచ్చింది. నాకు ఎనిమిదేళ్లు. రేపల్లె ప్యాసింజర్లో అమ్మమ్మ దగ్గరికి వెళ్తున్నాం. అప్పటి టికెట్టంటే అగ్గిపెట్టె పైభాగమంత అట్టముక్క. వాటిని ఎడ్మండ్‌సన్ టికెట్లంటారని, ఇంగ్లండులో 1830లలో మొదలైన పద్ధతని చాలా ఏళ్ల తర్వాత చదివాను. అప్పుడు నాకు తెలిసిందల్లా చప్పుడే. కిటికీ అవతల ఆయన అట్టముక్కను ఇనప మిషన్లో పెట్టి టక్కుమని నొక్కితే దాని మీద తేదీ పడేది. నాన్న నన్ను ఎత్తి పట్టుకుని చూపించేవాడు. నాకు అరటికెట్టు. నా టికెట్టు నా చేతిలోనే ఉండాలని పేచీ పెట్టాను. "గట్టిగా పట్టుకో" అని ఇచ్చాడు.

తెనాలి దాకా గట్టిగానే పట్టుకున్నాను. అరచెయ్యి చెమట పట్టి అట్ట అంచు మెత్తబడింది కూడా. తెనాలి దాటాక కిటికీ పక్కన చోటు దొరికింది. వేమూరు దగ్గర కాలవలో బాతులు కనిపించాయి. వాటిని నాన్నకు చూపిద్దామని చెయ్యి చాచాను. అంతే. ఎర్ర అట్టముక్క ఒకటి గాలిలో రెండుసార్లు తిరిగి, కంకర మీద పడి, వెనక్కి వెళ్లిపోయింది. ఏడుపు కూడా రాలేదు, భయంతో గొంతు పట్టేసింది. నాన్న తిట్టలేదు. రేపల్లెలో గేటు దగ్గర టీసీ టికెట్లు తీసుకుంటున్నాడు. అంత రద్దీలో నన్ను చంకనెత్తుకుని దాటిపోతే ఎవరూ అడిగేవాళ్లు కాదు. నాన్న వరసలో నిలబడి, తన టికెట్టు ఇచ్చి, "పాప టికెట్టు దారిలో పడిపోయిందండీ" అని తనే చెప్పాడు. ఆయన జరిమానాతో కలిపి రసీదు రాశాడు. ఆ రసీదు నా టికెట్టు కంటే నాలుగింతలు ఉంది. అమ్మమ్మకు ఇవ్వాలనుకున్న డబ్బులోంచి కట్టాడని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. ఆ తర్వాత ఏ ప్రయాణంలోనూ టికెట్లు నా చేతికి రాలేదు. అందరివీ నాన్న చొక్కా జేబులోనే.

ఇప్పుడు ఆయనవి కూడా నా ఫోన్లోనే.

ఈ వాక్యం రాశాక కాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఇందాక అన్నం తినేటప్పుడు నాన్న అసలు సంగతి చెప్పాడు. పోయిన సంక్రాంతికి కూడా విశాఖే వెళ్లాడు. టికెట్టు నేనే తీసి వాట్సాప్‌లో పెట్టి, "చూసుకో నాన్నా" అని ఆఫీసుకి వెళ్లిపోయాను. ఆయన ఫోన్ పాతది, చార్జింగ్ నిలవదు. ఏలూరు దాటాక టీటీఈ వచ్చాడట. పక్క సీటు కుర్రాణ్ణి బతిమాలి మెసేజ్ తెరిపించుకునే లోపు టీటీఈ ఆధార్ చూసి, తన చేతిలో ఉన్న మిషన్లో పేరు సరిచూసుకుని వెళ్లిపోయాడట. అక్కడితో పని అయిపోయింది. కానీ మళ్లీ ఇంకెవరైనా వచ్చి అడిగితే? విశాఖలో దిగాక గేటు దగ్గర చూపించమంటే? ఆ టెన్షన్‌తో ఫోన్ కట్టేసి జేబులో పెట్టుకున్నాడట. "అది చచ్చిపోతే నా దగ్గర ఇంకేముంటుంది తల్లీ" అన్నాడు.

ఆ రోజు రైలు రాజమండ్రి చేరే వేళ నుంచి నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. స్విచాఫ్. రైలు తుని చేరే వేళకి మా ఆయన కూడా కంగారుపడ్డాడు. రాత్రి పెద్దత్త ఇంటి నుంచి మాట్లాడితే నేను నాన్న మీద అరిచాను. ఫోన్ ఎందుకు కట్టేశావని అరిచాను గానీ, ఎందుకు కట్టేశాడో అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇన్ని నెలలు కడుపులో పెట్టుకున్నాడు.

ఆయన అంత భయపడాల్సిన పని లేదు. ఈ-టికెట్టుకి ఫోన్ లేకపోయినా చార్టులో పేరు ఉంటుంది, అసలు గుర్తింపు కార్డు చేతిలో ఉంటే మహా అయితే కొద్దిపాటి జరిమానాతో పోతుంది. కౌంటర్ టికెట్టు అలా కాదు. ఆ కాగితమే ఉండాలి, దాని ఫొటో చూపిస్తే కుదరదు. ఫోన్లో తీసినదానికి దాదాపు మనిషే టికెట్టు. ఈ ఒక్క ముక్క ఆయనకు కూర్చోబెట్టి చెప్పి ఉంటే సరిపోయేది. నేను వాట్సాప్‌లో పెట్టి ఊరుకున్నాను.

అయితే కాగితమే మంచిదా? అలా కూడా అనలేను. అమ్మకు బాగా లేనప్పుడు నెలనెలా గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లేవాళ్లం. ఆస్పత్రి వరండాలో నిలబడి, డాక్టరు రేపు కాదు ఎల్లుండి రండి అన్న మరుక్షణం టికెట్టు రద్దు చేసి ఇంకోటి తీసేదాన్ని. వరసలో నిలబడే వీలు ఎక్కడిది? ఆ ఏడాది ఫోన్లో టికెట్టు లేకపోతే ఏమైపోయేవాళ్లమో. ఆ ఏడాదంతా నాన్న ఒక్కసారి కూడా కాగితం అడగలేదు. అప్పుడు పక్క సీట్లో నేను ఉన్నాను.

ప్రింటు తీసిస్తే సరిపోతుందా అని ఇందాక అడిగాను. జిరాక్స్ షాపులో రెండు నిమిషాల్లో అయిపోతుంది. నాన్న కాసేపు ఆలోచించి, "అదీ చెల్లుతుందా?" అన్నాడు. చెల్లుతుందన్నాను. "సరే, ఈసారికి ఇది ఉందిగా" అని టికెట్టు రెండు మడతలు పెట్టి బ్యాంకు పాసుపుస్తకం ప్లాస్టిక్ కవర్లో దోపుకున్నాడు. కవర్ పైనుంచి వేలితో రెండుసార్లు తడిమి చూసుకున్నాడు కూడా.

తిరుగు టికెట్టు ఇంకా తియ్యలేదు. ఎప్పుడొస్తాడో పెద్దత్త తేల్చనివ్వడం లేదు. విశాఖ నుంచి వచ్చే టికెట్టు కూడా గుంటూరులోనే తీసుకోవచ్చు కాబట్టి, తేదీ తేలగానే మళ్లీ కౌంటర్‌కే వెళ్తాను. ఆ డౌటాయన లాంటివాడు మళ్లీ వస్తే మాత్రం ఈసారి ఊరుకోను.

నాన్నకు ఒక్కటే చెప్పాను. టికెట్టు జేబులో ఉంది కాబట్టి ఫోన్ కట్టెయ్యొద్దని, గోదావరి వంతెన ఎక్కగానే నాకు చెయ్యమని. చేస్తానన్నాడు.