లాకు తలుపుల మొన

2022 జూలైలో గోదావరికి వరద వచ్చినప్పుడు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దాటితే రెండోది, 17.75 దాటితే మూడోది అన్న లెక్కతో గంటగంటకూ డెస్కుకు వివరాలు చెబుతూ కంటి మీద కునుకు లేకుండా గడిపాను. విలేకరిగా 17 ఏళ్లలో అంతకన్నా ముఖ్యమైన పని చేశానని అనుకోను. గొడ్లను గట్టు మీదికి తోలాలా వద్దా అన్నది లంక గ్రామాల వాళ్లు ఆ అంకెలను బట్టే తేల్చుకుంటారు. అయితే నీరు తీశాక ఒక లంకలో, సున్నం వేసిన గోడకు నిలువెత్తున మిగిలిన బురద చార ముందు నా కాళ్లు ఆగిపోయాయి. అందులో వార్త లేదు. నోట్‌బుక్ చివరి పేజీలో దాన్ని పెన్సిల్‌తో గీసుకుని, కింద పది వాక్యాలు రాసి, కొందరు మిత్రులకు ఈమెయిల్‌లో పంపాను. నా న్యూస్‌లెటర్ అలా మొదలైంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక బొమ్మ, ఒక ఉత్తరం. రెండేళ్లకు ఉద్యోగం మానేశాను. ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతున్నాను, ఇల్లు గడుస్తోంది. రాజీనామా ఇవ్వాలా వద్దా అని ఊగిసలాడుతున్న రోజుల్లో రాజమండ్రిలోని దామెర్ల ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాను. దామెర్ల రామారావు 1923లో ఆ ఊళ్లోనే చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మసూచితో కన్నుమూశారు. నలభై దాటాక కుంచె పట్టడం ఆలస్యమేమో అన్న నా బెంగ ఆ చిత్రాల ముందు నిలవలేదు. ఆయనకు దక్కని వయసు నాకు ఇంకా చేతిలో ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది లాకు బొమ్మ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా కాలువలు పొలాలకు నీళ్లిచ్చినట్టే పడవలకూ దారులయ్యాయి. ఎత్తు తేడా ఉన్నచోట పడవను దింపడానికీ ఎక్కించడానికీ లాకులు కట్టారు. తూర్పు డెల్టాలో అటువంటి పాత లాకు ఒకదాన్ని గీసి పంపితే, ఒకప్పుడు కాలువ మీద లస్కరుగా, అంటే నీళ్లూ తలుపులూ చూసుకునే ఉద్యోగిగా, పనిచేసిన పెద్దాయన మనవరాలి చేత జవాబు రాయించారు: “బాబుగారూ, తలుపుల మొన ఎగువకి ఉండాలండీ. మీరు దిగువకి గీశారు. అలాగైతే నీరు తోసేస్తుందండీ, ఒక్క పూట నిలవవు.” మర్నాడే వెళ్లి చూశాను. రెండు తలుపులూ ఎగువ వైపు కోణంగా కలుసుకుంటాయి, ఎగువ నీటి బరువే వాటిని ఒకదానికొకటి అదిమి పెడుతుంది. తరువాతి ఆదివారం, పత్రికలో వేసినట్టే, ‘సవరణ’ అన్న శీర్షికతో కొత్త బొమ్మ పంపాను. విలేకరితనం వదిలేశావా అని అడిగేవాళ్లకు నేను ఆ సవరణే చూపిస్తాను.

వదలవలసింది మాత్రం డెడ్‌లైన్. తెల్లవారేసరికి వార్త పాఠకుడి చేతిలో ఉండాలి కనుక పత్రికలో ఆ తొందర న్యాయమే. బొమ్మకు ఆ అవసరం లేదు. శనివారం రాత్రికి ఎలాగైనా ముగించాలన్న పాత అలవాటుతో, మొదటి పూత ఆరకముందే రెండోది వేసి రంగు మురికి చేసిన కాగితాలు అటక మీద ఒక కట్ట ఉన్నాయి. వాటిలో కొన్నింటిని తెలిసి తెలిసీ పాఠకులకు పంపాను, అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. అందుకే ఇకమీదట ఉత్తరం ఆదివారం కోసం కాక బొమ్మ కోసం ఆగుతుంది.

లాకును ఇప్పుడు నాలుగోసారి గీస్తున్నాను. కాలువలో ఎర్రనీరు పారుతోంది. ఎల్లో ఓకర్‌లో కాస్త బర్న్‌ట్ సియెన్నా కలిపితే ఆ రంగు దగ్గరికి వస్తోంది గానీ, నీటిలోని ఒండ్రు బరువు ఇంకా రాలేదు. ఈ శ్రావణపు తేమకు ఒక్క పూత ఆరడానికే పూట పడుతోంది. అది ఆరాక తలుపుల నీడ వేయాలి. పూర్తయ్యాక ముందుగా ఆ పెద్దాయనకే చూపిస్తాను.