ట్యాంకులో దిగేవాడికి నేర్పేది ఎవరు?

సౌదీలోని జుబైల్‌లో షట్‌డౌన్ (మరమ్మతుల కోసం ప్లాంటు ఆపే సమయం) దగ్గరపడితే మా ప్లాంటుకు రెస్క్యూ ట్రైనింగ్ కొటేషన్లు వరసకడతాయి. సేఫ్టీ విభాగంలో వాటిని వడపోసేది నేనే. ధర కాగితం ఆఖర్న చూస్తాను.

మొదట అడిగేది, ఆ సర్టిఫికెట్ ఏ పనికి వచ్చిందని. ఇరాటా అనే సంస్థ ఇచ్చే లెవెల్ 3 అంటే తాళ్లకు వేలాడుతూ చేసే పనిలో పెద్ద అర్హతే, కాదనను. కానీ గ్యాస్ చేరిన ట్యాంకులోంచి స్పృహ తప్పిన మనిషిని పైకి తీయడం వేరే విద్య. అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 1006 తాడు రెస్క్యూనూ, కన్‌ఫైన్డ్ స్పేస్ (ట్యాంకుల్లాంటి ఇరుకు, మూసుకున్న చోట్లు) రెస్క్యూనూ విడివిడిగా చూస్తుంది. ఒక్కోదానిలో అవేర్‌నెస్, ఆపరేషన్స్, టెక్నీషియన్ అని మూడు మెట్లు. టెక్నీషియన్ పని నేర్పుతానన్నవాడు తాను ఆ మెట్టు ఎక్కాడా, నిజంగా ఎవరినైనా బయటికి తీశాడా అన్నది తేలేదాకా వదలను.

ఇంత పట్టుదల ఊరికే కాదు. ఇలాంటి చోట్ల పోయిన ప్రాణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లవేనని పనిచోట భద్రతపై పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లోనే చెప్పింది. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు గాలిలో 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) చేరితే కాసేపటికే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. లోపల పడిపోయినవాణ్ణి చూసి ఆగలేక దిగేసేది పక్కనున్న జగిత్యాల కుర్రాడో, కోనసీమ కుర్రాడో, నేపాలీనో. వాళ్లకు ఇంగ్లిష్ స్లైడ్లు చూపించి వెళ్లిపోయే మనిషి నాకొద్దు. హిందీలో చెప్పాలి, చెప్పింది వాళ్లచేత చేయించాలి.

ఇక పరీక్ష. "అన్నా, ఫెయిలైతే ఇంటికి పంపిస్తరా?" అని ఒక తమ్ముడు అడిగాడు. అప్పు చేసి వచ్చినవాడి భయం అది. ఆ భయాన్ని చూసే కొందరు ట్రైనర్లు అందరూ పాసవుతారని ముందే హామీ ఇస్తారు. అలాంటివాళ్లను అక్కడే పక్కన పెడతాను. ఫెయిలైతే మళ్లీ ట్రైనింగే తప్ప జీతానికీ, ఇకామాకూ (ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) ముడిపెట్టకూడదని మేనేజ్‌మెంట్‌తో వాదించి కాగితం మీద రాయించుకున్నాం. చేతకానివాణ్ణి పాస్ చేస్తే రేపు ప్రాణం పోయేది వాడిదే కదా.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఇక్కడ మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. అందుకే డ్రిల్లు తెల్లవారుజామునే.

ఈసారి మేం తీసుకున్నాయన డబ్బు మాట ఎత్తకముందే మా వెసెల్ (పెద్ద ట్యాంకు) మ్యాన్‌వే, అంటే మనిషి లోపలికి దూరే రంధ్రం, కొలత అడిగాడు. వీపు మీద బీఏ సెట్‌తో (ఊపిరికి గాలి సిలిండర్) మనిషి అందులో పట్టడని తేల్చాడు. పొడవాటి గొట్టంతో గాలి అందించే ఎయిర్‌లైన్ సెట్లు వచ్చేదాకా క్లాసు మొదలుపెట్టనన్నాడు. ఆయన కొటేషన్ మీదే సంతకం పెట్టించాను.