అమ్మ చెప్పు, మిసిసిపీ మొదలు

శనివారం. పొద్దున్న ఆరింటికే మినియాపొలిస్‌లో బయల్దేరినా ఇటాస్కా పార్కు చేరేసరికి పది దాటింది. పులిహోర డబ్బా దారిలోనే సగం ఖాళీ. కారు దిగగానే దోమలు. వీటి ముందు మా ఊరి దోమలు ఎంత మర్యాదస్తులో!

రాజమండ్రిలో గోదావరిని చూస్తూ పెరిగిన అమ్మకి మిసిసిపీ పుట్టినచోటు చూపిస్తానని వారం నుంచీ ఊరిస్తున్నాను. తీరా చూస్తే సరస్సు అంచున వరసగా బండరాళ్లు, వాటి సందుల్లోంచి జారే నీళ్లు, అవతల మోకాలి లోతు వాగు.

"ఇదేనట్రా? మన పంటకాలవే ఇంతకంటే వెడల్పు" అంది.

ఏం చెప్తాను? పక్కన పాతిన దుంగ మీద మాత్రం, ఇక్కణ్ణుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి 2,552 మైళ్లని రాసి ఉంది.

ఈ పిల్లకాలవ కోసం జనం పడ్డ తిప్పలు తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. 1805 ఆగస్టులో జెబులన్ పైక్ అనే అమెరికన్ సైనికాధికారి ఇరవై మందితో సెయింట్ లూయిస్ నుంచి పడవలో ఎదురెక్కి వచ్చాడు. చలికాలం ముంచుకొచ్చి నది గడ్డకట్టింది. స్లెడ్జిలు లాక్కుంటూ ఫిబ్రవరిలో లీచ్ సరస్సు చేరి, నది మొదలు ఇదేనని రాసేసుకున్నాడు. అక్కడి బ్రిటిష్ వర్తకులు ఇంట్లో పెట్టుకుని ఆదరిస్తే, వాళ్ల జెండాని తుపాకులతో కొట్టించి కింద పడేయించాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే!

1823లో వచ్చిన బెల్ట్రామి అనే ఇటాలియనుది ఇంకో కథ. దారి చూపేవాళ్లు మధ్యలో వదిలేశారు. ఆయనకేమో తెడ్డు వెయ్యడం రాదు. పడవకి తాడు కట్టి, నీళ్లలో నడుస్తూ లాక్కుపోయాడు. సామాను తడవకుండా దాని మీద ఎర్ర గొడుగు! ఇంతా చేసి ఆయన కనిపెట్టిన సరస్సూ ఇది కాదు.

చివరికి 1832 జులైలో స్కూల్‌క్రాఫ్ట్ అనే అమెరికన్ అధికారి ఇక్కడికొచ్చాడు. ఆయన చేసిన తెలివైన పని ఒక్కటే, దారి తెలిసినవాళ్లని అడగడం. ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వేల పెద్ద ఓజావిండిబ్ వెనకాల తిన్నగా వచ్చేశాడు. ఓజిబ్వేల భాషలో ఈ సరస్సుకి ఎప్పట్నుంచో 'ఎల్క్ సరస్సు' అని పేరుంది, ఎల్క్ అంటే పెద్ద దుప్పి. స్కూల్‌క్రాఫ్ట్ మాత్రం లాటిన్‌లో నిజం, తల అనే అర్థాలున్న 'వెరిటాస్', 'కాపుట్' తీసుకుని, ముందొకటీ వెనకొకటీ కత్తిరించి 'ఇటాస్కా' అతికించాడు. కొన్ని గంటలుండి, దీవిలో జెండా పాతి వెళ్లిపోయాడు. పేరు మాత్రం ఆయన పెట్టిందే నిలిచింది. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు.

రాళ్ల మీదుగా దాటుతుంటే అమ్మ చేతిలోంచి ఒక చెప్పు జారి కొట్టుకుపోయింది. మా చిన్నది నీళ్లలో పరిగెత్తి పట్టుకుంది. ఇక్కడి నీటిబొట్టు సముద్రం చేరడానికి దాదాపు 90 రోజులు పడుతుందని చెప్పాను.

"వదిలేస్తే పోయేదే. అప్పటికి నేనూ ఇంటికెళ్లిపోతాగా" అంది అమ్మ.

అంటూనే ఆ తడిచెప్పుని దారంతా కారు ఏసీ దగ్గర పెట్టి ఆరబెట్టింది.