బ్రిటన్‌లో పెరిగే పిల్లలకు టీ సంగతి

బ్రిటిష్‌వాళ్లకు టీ అంటే ఎందుకంత ఇష్టమని పిల్లలు అడిగితే, చలిదేశం కదా అని సరిపెట్టకండి. చలి యూరప్ అంతటా ఉంది, అక్కడ చాలామంది తాగేది కాఫీయే. బ్రిటన్‌లో టీని ఇంటింటికీ చేర్చింది ధర. 1662లో రెండో చార్లెస్‌ను పెళ్లాడిన పోర్చుగీసు రాకుమారి కేథరీన్ వల్ల అది రాజదర్బారులో మోజైంది గానీ, సుంకం విపరీతంగా ఉన్నన్నాళ్లూ దొంగ సరుకుదే రాజ్యం. 1784లో సుంకాన్ని 119 నుంచి 12.5 శాతానికి దించాక కూలివాడికీ అందింది. కరీబియన్ తోటల్లో బానిసలు పండించిన పంచదార తోడైంది. 1839లో అస్సాం ఆకు లండన్ వేలానికి వచ్చింది. బానిసల కథ, అస్సాం టీ తోటల కూలీల కథ పదేళ్లు దాటిన పిల్లలకు దాచకుండా చెప్పాల్సిందే. మన అల్లం టీ అనాదిగా ఉన్నదేమీ కాదనీ చెప్పండి. మన ఊళ్లకు టీ బాగా అలవాటైంది ఇరవయ్యో శతాబ్దంలో, టీ వ్యాపారుల ప్రచారంతో.

ఇంటికి ప్లంబరు వస్తే టీ తాగుతారా అని అడగడం ఇక్కడి మర్యాద. కెటిల్ జాగ్రత్తగా పట్టుకోగల వయసొస్తే టీ కలిపే పని పిల్లలకే అప్పగించండి. పాలు, పంచదార ఎంతో ముందే అడగాలి. పెద్ద కప్పులో ఒక టీ బ్యాగు వేసి, మరుగుతున్న నీళ్లు 200 మి.లీ. పోసి, మూడు నాలుగు నిమిషాలు వదిలేయాలి. బ్యాగు తీశాక చల్లటి పాలు రెండు టేబుల్ స్పూన్లు. మన ఇళ్లలో పాలు కలిపే మరిగిస్తాం కాబట్టి పిల్లలు బ్యాగు మీద ముందే పాలు పోసేస్తారు. అప్పుడు నీళ్ల వేడి తగ్గి డికాక్షన్ సరిగా దిగదు, టీ వెలవెలబోతుంది. లండన్ నీళ్లలో సున్నం ఎక్కువ, పైన తెట్టు కడుతుంది. ఫిల్టర్ నీళ్లు వాడితే తగ్గుతుంది. కెటిల్‌లో పాలు మాత్రం కాచనివ్వకండి, అడుగు మాడి పాడవుతుంది.

పిల్లలు తాగడం వేరే సంగతి. ఒక పెద్ద కప్పు టీలో దాదాపు 75 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది. పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మి.గ్రా. దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క, అంటే 20 కిలోల పిల్లకు 60. పైగా భోజనంతో తాగితే పప్పు, ఆకుకూరల్లోని ఇనుము సరిగా ఒంటబట్టదు. శాకాహారుల ఇళ్లలో ఇది మరీ ముఖ్యం.

స్నేహితుల ఇంటి నుంచి పిల్లలకు టీకి పిలుపొస్తే, ముఖ్యంగా ఉత్తర ఇంగ్లండ్‌లో, అది సాయంత్రం భోజనమే. గొడ్డుమాంసం, పందిమాంసం, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉన్న జెల్లీలు మీ పిల్లలు తినకపోతే ఆ సంగతి ఒప్పుకునేటప్పుడే చెప్పేయండి. ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు, వంటయ్యాక తెలిస్తేనే వాళ్లకు ఇబ్బంది.