టార్ప్‌కి సన్న తాళ్లు కట్టుకున్న వైనం (నా అనుభవం)

మా టార్ప్ (బయట రాత్రి గడిపేటప్పుడు తల మీద పైకప్పులా కట్టుకునే గుడ్డ) 3 బై 3 మీటర్లది, సిల్‌నైలాన్ (సిలికాన్ పూత ఉన్న నైలాన్), తూకం వేస్తే అర కిలో దరిదాపుల్లో ఉంటుంది. దానికి కట్టే తాళ్లన్నీ కలిపి ఒక సంచిలో ఉండేవి, ఊరికే ఒకసారి ఆ సంచిని కూడా త్రాసు మీద పెట్టి చూశా, టార్ప్ బరువులో ఇంచుమించు నాలుగో వంతు ఆ తాళ్లే ఉన్నాయి! అన్నీ పారాకార్డ్ అనే నైలాన్ తాడే. పారాకార్డ్ మీటరుకి ఆరేడు గ్రాములు తూగుతుంది, 20 మీటర్లు వేసుకుంటే 130 గ్రాములు అక్కడే పోయాయి. గుడ్డలో గ్రాము గ్రాము తగ్గించుకుని తాడు దగ్గర ఇలా వదిలేయడం ఏంటి అనిపించి మార్చేద్దామని కూర్చున్నా.

తాడు కొనేటప్పుడు అందరూ మొదట చూసేది ఎంత బరువుకి తెగుతుంది అనే అంకె. పారాకార్డ్‌ని 550 అంటారు కదా, అది 550 పౌండ్లు, అంటే దాదాపు 250 కిలోలు. పారాచూట్‌కి వాడే తాడు కాబట్టి దానికి ఆ బలం కావాలి, టార్ప్‌కి ఎందుకు చెప్పండి? గాలి గట్టిగా లాగితే 250 కిలోలు రాకముందే మేకు మట్టిలోంచి పైకొచ్చేస్తుంది, లేకపోతే టార్ప్ అంచున కుట్టిన లూప్ ఊడుతుంది. ముడి వేసిన చోట బలం సగం దాకా తగ్గుతుంది అనుకున్నా సరే, దానిలో మూడో వంతు బలం ఉన్న తాడు కూడా మనకి ఎక్కువే. అందుకని ఆ అంకెని పక్కన పెట్టేశా. నేను చూసుకున్నవి మూడే, తడిస్తే సాగుతుందా, ముడి పట్టు నిలుస్తుందా, చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు విప్పగలనా.

సాగడం సంగతి చెప్తా. సిల్‌నైలాన్ గుడ్డ తడిసినా చల్లబడినా సాగుతుంది, ఇది వాడేవాళ్లందరికీ తెలిసిందే, సాయంత్రం వీణ తీగలా బిగించిన టార్ప్ అర్ధరాత్రి వానకి కడుపు వేలాడేసుకుని ఉంటుంది. దానికి తోడు తాడు కూడా నైలాన్‌దే అయితే అదీ నీళ్లు పీల్చుకుని సాగుతుంది, రెండూ కలిసి మనల్ని లేపుతాయి. పాలిస్టర్ నీళ్లు పెద్దగా పీల్చదు, సాగడం కూడా తక్కువ. డైనీమా అని ఇంకో రకం పోగు ఉంది, అదైతే అస్సలు పీల్చదు, అది పాలిథిలీన్ జాతి కాబట్టి నీళ్ల మీద తేలుతుంది కూడా, లాగితే సాగడం కూడా దాదాపు ఉండదు. కాగితం మీద చూస్తే డైనీమాయే రాజు.

మరి అందరూ అదే ఎందుకు కట్టుకోరు అంటే, జారుడు. ఒట్టి డైనీమా చేత్తో పట్టుకుంటే సబ్బు రాసినట్టే ఉంటుంది. సన్నటి ఒట్టి డైనీమా కొంచెం తెప్పించి పెరట్లో కట్టి చూశా, మామూలు టాట్ లైన్ హిచ్ (తాడు మీద జరుపుతూ బిగించుకునే ముడి) వేసి లాగితే ముడి నెమ్మదిగా నా వైపే నడుచుకుంటూ వచ్చేసింది. లోపలి వైపు రెండు చుట్లకి బదులు నాలుగు వేస్తే ఆగింది, కానీ ఆ నాలుగు చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా టార్చి వెలుగులో వెయ్యాలంటే ఓపిక కావాలి. ఇంకోటి, కొస కాల్చితే నైలాన్ లాగా చక్కగా గుండు కట్టదు, డైనీమా 150 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి లైటర్ దగ్గరకి తేగానే ముడుచుకుపోయి పోగులు పోగులుగా మిగిలిపోతుంది. కొసకి దారం చుట్టాల్సిందే.

చివరికి నేను తేల్చుకుంది లోపల డైనీమా, పైన పాలిస్టర్ తొడుగు ఉన్న 2 మి.మీ. తాడు. సాగకుండా లోపలిది చూసుకుంటుంది, ముడికి పట్టు పైది ఇస్తుంది, కొస కాల్చితే పై తొడుగు కరిగి గట్టిపడుతుంది. నా త్రాసు మీద మీటరుకి రెండు మూడు గ్రాముల మధ్య వచ్చింది. ఇంకా సన్నవి ఉన్నాయి, 1.3 మి.మీ. వి కూడా చూశా, బరువు ఇంకా తగ్గుతుంది నిజమే గానీ బిగించేటప్పుడు వేలిని కోస్తున్నట్టు ఉంటుంది, ముడి బిగుసుకుంటే గోళ్లతో రాదు, సంచిలో వేస్తే చాలు వాటంతట అవే చిక్కు పడతాయి. అంత సన్నవాటిని వాడే వాళ్లకి నా దండం, నా వేళ్లకి 2 మి.మీ. సరిపోయింది.

రంగు కూడా చిన్న విషయం కాదండోయ్. డైనీమాకి రంగు సరిగ్గా పట్టదు, ఒట్టి తాళ్లు ఎక్కువగా తెలుపో బూడిదో ఉండేది అందుకే. తొడుగు ఉన్నదాంట్లో మెరిసే దారం కలిపి అల్లినవి దొరుకుతాయి, టార్చి వేస్తే తళుక్కుమంటుంది, రాత్రి బయటికి వెళ్లినప్పుడు కాలికి తగిలి బోర్లా పడకుండా ఉండటానికి అదొక్కటే దారి. ఆ మెరిసే దారం వల్ల తాడు కొంచెం గరుకుగా కూడా ఉంటుంది, ముడికి అదీ మంచిదే.

పొడవు దగ్గర ఒక చిన్న లెక్క వేసుకున్నా. టార్ప్ మధ్యలో నిలబెట్టే కర్ర 1.2 మీటర్లు, తాడు 45 డిగ్రీల వాలులో దిగాలంటే మేకు కూడా కర్ర నుంచి 1.2 మీటర్ల దూరంలో ఉండాలి, అప్పుడు తాడు 1.7 మీటర్లు అవుతుంది. ముడులకి, సర్దుబాటుకి కలిపి రెండున్నర మీటర్లు కోశా. తాడు ఎంత పొడుగుంటే అంత వాలుగా దిగుతుంది, మేకుని పైకి లాగడం తగ్గుతుంది, అందుకే కర్ర పైనుంచి దిగే నడిమి తాళ్ల దగ్గర పిసినారితనం చెయ్యకూడదు. మూలలు నేలకి దగ్గరగానే ఉంటాయి కాబట్టి వాటికి ఒకటిన్నర మీటరు చాలు. రాతి నేల అయితే మేకు దిగదు, అక్కడ తాడుని రాయి చుట్టూ తిప్పాలి, చెట్టు దూరంగా ఉంటే అందుకోవాలి, అలాంటి వాటి కోసం మూడేసి మీటర్ల ముక్కలు రెండు విడిగా ఉంచుకున్నా.

ఇక కట్టడం. ప్రతి తాడుకి రెండు కొసలు, రెండింటి పనీ వేరు, ఇది పట్టుకుంటే మిగతాదంతా సులువే. టార్ప్ వైపు కొస ఎప్పుడూ అక్కడే ఉండేది, అది బిగుసుకుపోయినా మనకి నష్టం లేదు. మేకు వైపు కొస రోజూ కట్టి విప్పేది, అది బిగుసుకుంటే చచ్చామే. అందుకే టార్ప్ వైపుకి ఫిగర్ ఎయిట్ (ఎనిమిది అంకె ఆకారంలో ఉండే) ముడితో చిన్న లూప్ వేసి, ఆ లూప్‌ని టార్ప్ లూప్‌లోంచి దూర్చి, తాడు మిగతా అంతా దాంట్లోంచి లాగేశా. బౌలైన్ (లూప్ వేసే ఇంకో ముడి) కూడా వెయ్యొచ్చు, చాలామంది వేస్తారు, కానీ ఇలాంటి జారుడు తాళ్లలో లాగుడు లేనప్పుడు గాలికి కొట్టుకుని కొట్టుకుని బౌలైన్ వదులవుతుంది, వేస్తే కనీసం పది సెంటీమీటర్ల తోక వదలండి. లూప్ దూర్చే పద్ధతిలో ఇంకో సుఖం ఉంది, తడి తాడుని ముడి విప్పకుండానే టార్ప్ నుంచి ఊడదీసి విడిగా ఆరేసుకోవచ్చు.

మేకు వైపు ముడి పెట్టాలా ప్లాస్టిక్ లాక్ పెట్టాలా అని చాలా తర్జనభర్జన పడ్డా. లైన్‌లాక్ అని చిన్న ప్లాస్టిక్ ముక్క వస్తుంది, లోపల పళ్లు ఉంటాయి, తాడు ఒక వైపుకి లాగితే జారుతుంది ఇంకో వైపుకి లాగితే పట్టేస్తుంది. ఒక్కోటి రెండు మూడు గ్రాములే. కానీ ఏ లాక్ ఏ మందానికి చేశారో చూడాలి, 2 నుంచి 3 మి.మీ. కోసం చేసిన దాంట్లో 1.5 మి.మీ. తాడు వేస్తే గాలి ఊపుకి జారుతూనే ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టాలి అన్నది ఇంకా ముఖ్యం. లాక్‌ని టార్ప్ అంచు దగ్గరే పెట్టి, తాడు రెండో కొసకి లూప్ వేసి మేకుకి తగిలిస్తే, వానలో టార్ప్ జారినప్పుడు పడుకున్న చోటి నుంచే చెయ్యి చాపి లాగొచ్చు. ముడి మేకు దగ్గర ఉంటే లేవాలి, చెప్పులేసుకోవాలి, తడవాలి. నేను నాలుగు మూలలకి లాక్‌లు టార్ప్ వైపు పెట్టా (అక్కడ ఫిగర్ ఎయిట్ లూప్ మేకుకి పోయింది), నడిమి రెండు తాళ్లకి మాత్రం ముడే. ఎందుకంటే ఆ రెండే టార్ప్‌ని నిలబెట్టేవి, ప్లాస్టిక్ విరిగితే అంతా మీద పడుతుంది, పైగా ఒక్కోసారి వాటిని మేకుకి కాకుండా చెట్టుకి కట్టాల్సి వస్తుంది.

ఆ ముడి టాట్ లైన్ హిచ్చే, ఒక చుట్టు ఎక్కువ వేసి. తాడుని మేకు చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చి, బిగువుగా ఉన్న తాడు చుట్టూ మేకు వైపున మూడు చుట్లు, ఆ తర్వాత వాటిని దాటి పైన ఒక చుట్టు వేసి లాగాలి. చుట్లన్నీ ఒకే దిక్కుకి తిరగాలి, పక్కపక్కన సర్దుకోవాలి. కొస పూర్తిగా లాగెయ్యకుండా మడిచి దూర్చితే పొద్దున ఒక్క లాగుకి ఊడిపోతుంది, నేను ఎప్పుడూ అలాగే వేస్తా. వేశాక వెంటనే వదిలేయకుండా ముడిని చేత్తో నొక్కి బిగించి అప్పుడు జరపాలి.

మూలల తాళ్లలో రెండింటికి ఎలాస్టిక్ తాడు ముక్క కలిపి చూశా, గాలి ఊపుని అది మింగుతుంది, గుడ్డ సాగినప్పుడు వదులుని కొంతవరకు అదే లాక్కుంటుంది. కానీ గట్టి గాలికి టార్ప్ పైకీ కిందకీ ఎగురుతూ చప్పుడు చేస్తోంది. గాలి వైపు మూలలకి తీసేశా, రెండో వైపు ఉంచా.

కొసలు కాల్చేటప్పుడు ఒక జాగ్రత్త, మంట తాడుకి తగలక్కర్లేదు, పక్కన పెడితే చాలు, తొడుగు కరగగానే తడి వేళ్లతో కాదు, చెంచా వెనక వైపుతో నొక్కండి, కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అంటుకుంటే వదలదు. నొక్కేటప్పుడు గుండు మరీ లావైతే లాక్‌లో దూరదు, అందుకే లాక్‌లోకి ఎక్కించాకే కాల్చడం మేలు. నేనైతే ఆ లావు గుండునే కావాలని ఉంచి దాని ముందు ఒక చిన్న ముడి కూడా వేశా, తాడు లాక్‌లోంచి పూర్తిగా జారి చీకట్లో పోకుండా.

మొత్తం కట్టాక లాక్‌లతో సహా తూకం వేస్తే పాతదాంట్లో సగం కూడా లేదు. వాన రాత్రి కూడా గడిచింది, గుడ్డ సాగింది, అది సాగక మానదు, పడుకునే ముందు ఒకసారి, మధ్యలో మెలకువ వచ్చినప్పుడు ఒకసారి మూలల లాక్‌లు లాగా, నడిమి ముడులు కదల్లేదు. విప్పేటప్పుడు ప్రతి తాడుని బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య ఎనిమిది అంకెలా చుట్టి, చివరి రెండు చుట్లు నడుముకి వేసి టార్ప్‌కే వేలాడేస్తున్నా. పక్కల మధ్యలో ఉన్న లూప్‌లకి మాత్రం ఏమీ కట్టలేదు, గాలి ఎక్కువ ఉంటే విడి ముక్కల్లోంచి తగిలిస్తా, లేకపోతే ఖాళీగానే ఉంటాయి.